ఏ ఊరి తుపాకీ? ఒంటి మీది ముద్రలే చెబుతాయి!

మన ఇళ్ళలో పాత ఇత్తడి బిందె ఏదైనా తిరగేసి చూడండి. మెడ కిందో, అంచు మీదో చుక్కలు చుక్కలుగా ఒక పేరు కొట్టి ఉంటుంది. అమ్మమ్మ పేరో, పెళ్ళికి చదివించిన మేనమామ పేరో, పక్కనే ఒక తారీఖో కనిపిస్తుంది. పది ఇళ్ళ సామాను ఒకచోట కలిసిపోయే పెళ్ళిళ్ళలో ఎవరి బిందె వాళ్ళింటికి చేరేది ఆ పేరు వల్లనే. బిందె సొట్టలు పడ్డా, అడుగు చిల్లిపడి మాటు వేయించినా, పేరున్నంత కాలం అది ఎవరిదో తెలుస్తుంది.

జర్మనీవాళ్ళు తమ సైన్యానికి చేయించిన తుపాకుల మీద ఇదే పని చేశారు. కాకపోతే పదింతలు పట్టుదలగా చేశారు. ఏ ఊరి కార్ఖానాలో, ఏ ఏడాది, ఎన్నో నంబరుగా తయారైంది, ఎవరెవరు తనిఖీ చేశారు, ఏ రెజిమెంటులో ఏ కంపెనీ సిపాయి చేతికి వెళ్ళింది అన్నదంతా ఇనుము మీద అక్షరాలుగా కొట్టారు. చివరికి మరమేకు తల మీద కూడా అంకెలే. ఆ అంకెలు చదవడం నేర్చుకుని పాత జర్మన్ సైనిక రైఫిళ్ళు పోగుచేసేవాళ్ళు యూరప్, అమెరికాల్లో చాలామంది ఉన్నారు. మన దేశంలో పోగుచెయ్యడం అంత తేలిక కాదు. ఆ సంగతి చివర చెప్పుకుందాం. చదవడానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు గదా!

సూది తుపాకీ

కథ 1841లో మొదలవుతుంది. జోమెర్డా అనే చిన్న ఊళ్ళో ఒక తాళాలు చేసే కమ్మరి ఇంట పుట్టిన డ్రైజె, ప్రష్యా సైన్యానికి కొత్తరకం తుపాకీ తయారుచేశాడు. అప్పటిదాకా సిపాయి నిలబడి, గొట్టం మూతిలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరాలి. మన అడవి పల్లెల్లో నాటు తుపాకీ ఎలా కూరతారో చూసినవాళ్ళకు ఇది తెలిసిన పనే. డ్రైజె తుపాకీకి ఆ బాధ లేదు. తలుపు గడియ తీసినట్టు వెనక బోల్టు తీసి, కాగితంలో చుట్టిన తూటా పెట్టి, గడియ వేస్తే చాలు. మీట నొక్కగానే పొడుగాటి సూది కాగితాన్ని చీల్చుకుని లోపలికి వెళ్ళి మందును అంటిస్తుంది. అందుకే దాని పేరు సూది తుపాకీ.

ఇందులో అసలు లాభం ఏమిటంటే, పడుకుని కూడా తూటా పెట్టుకోవచ్చు. 1866 జూలై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ఆస్ట్రియా సైన్యం నిలబడి మూతి నుంచి కూరుకుంటూ ఉంటే, ప్రష్యా సిపాయిలు నేలకు కరుచుకుని కాల్చారు. ఒక్క రోజులో యుద్ధం ఎటు మొగ్గిందో తేలిపోయింది.

సూదికి ఒక జబ్బు ఉంది. మందు మంటలోనే ఉండాలి కాబట్టి త్వరగా పాడై విరిగిపోతుంది. ఈ లోపం మీద పని చేసినవాళ్ళే మౌజర్ సోదరులు, విల్హెల్మ్, పౌల్. నెకర్ నది ఒడ్డున ఓబర్న్‌డోర్ఫ్ వాళ్ళ ఊరు. మూతబడ్డ ఒక క్రైస్తవ మఠంలో 1811లో వుర్టెమ్‌బెర్గ్ రాజు తుపాకుల కార్ఖానా పెట్టించాడు. తండ్రి అందులో పనివాడు. 1838లో పుట్టిన పౌల్ కూడా కుర్రతనం నుంచే అక్కడ పని నేర్చాడు. రేకు తూటా పెట్టే వాళ్ళ రైఫిలును జర్మనీ 1871 నమూనాగా తీసుకుంది. అప్పటి నుంచి మౌజర్ పేరు ఎంత పాకిందంటే, ఇవాళ పాత జర్మన్ తుపాకీ ఏది కనిపించినా జనం మౌజర్ అనేస్తారు. గుర్తుపట్టడంలో మొదటి పొరపాటు అక్కడే జరుగుతుంది.

చూపుతోనే సగం పని

సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూడకముందే నడక చూసి సగం లెక్క కట్టుకుంటాడు. తుపాకీకి కూడా ముందు ఆకారం చూడాలి. చేతిలో ఒక కొలత టేపు ఉంటే మరీ మంచిది.

1871 రైఫిల్ మనిషి గడ్డం దాకా వస్తుంది. పొడవు సుమారు 134 సెంటీమీటర్లు. ఒక్కసారికి ఒక్క తూటా, అదీ బొటనవేలంత లావు, 11 మిల్లీమీటర్లది. కింద పెట్టె ఏమీ ఉండదు. 1884లో దాన్నే సవరించి, బారెల్ కింద కొయ్యలో ఒక గొట్టం దాచి, ఎనిమిది తూటాలు వరసగా కూర్చారు. బయటకు చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి.

1888 రైఫిల్ వేరే జాతి. ఫ్రాన్సు 1886లో పొగ రాని మందుతో కొత్త రైఫిల్ తెచ్చేసరికి జర్మనీ కంగారుపడి ఒక సైనిక సంఘం చేత హడావుడిగా దీన్ని తయారుచేయించింది. దీని రూపకర్త మౌజర్ కాదు. అయినా అమ్మేవాళ్ళు మౌజర్ అనే చెబుతారు. పోల్చుకోవడం తేలికే. మీట ముందు ఒక పెట్టె కిందికి పొడుచుకు వచ్చి ఉంటుంది. బారెల్ చుట్టూ చొక్కా తొడిగినట్టు ఒక ఇనుప గొట్టం ఉంటుంది.

1898 ఏప్రిల్ 5న ఆమోదం పొందిన రైఫిల్ పౌల్ మౌజర్ జీవితం మొత్తం మీద చేసిన పనికి పండు వంటిది. ఐదు తూటాలు కొయ్య లోపలే ఇమిడిపోయి, కడుపు చదునుగా ఉంటుంది. బారెల్‌కు చొక్కా లేదు. పొడవు 125 సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోల పైన. బోల్టు పిడి తిన్నగా పక్కకు పొడుచుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సిపాయి మోసింది ప్రధానంగా దీన్నే. దానికి 1935లో వచ్చిన పొట్టి తమ్ముడు 111 సెంటీమీటర్లు. పిడి కిందికి వంగి ఉంటుంది, చేతికి అందడానికి కొయ్యలో ఒక పల్లం చెక్కి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేలోగా ఇవి కోటికి పైగా తయారయ్యాయి. కాబట్టి ఎవరైనా "ఇది చాలా అరుదు బాబూ" అని అమ్మజూపితే ముందు చిరునవ్వు నవ్వాలి.

ముద్రలు చదవడం ఎలా?

బారెల్ వెనక, తూటా లోపలికి జారే చోట ఒక ఉక్కు గూడు ఉంటుంది. దాన్ని రిసీవర్ అంటారు. తుపాకీకి అదే పట్టా. దాని నెత్తి మీద కిరీటం, కింద కార్ఖానా పేరు, దాని కింద సంవత్సరం కొట్టి ఉంటాయి. స్పాండౌ, ఎర్ఫుర్ట్, డాంజిగ్ అని ఉంటే ప్రష్యా ప్రభుత్వ కార్ఖానాలు. ఆంబెర్గ్ అని ఉంటే బవేరియా రాజ్యం సొంతది. ప్రైవేటు కంపెనీలైతే ఓబర్న్‌డోర్ఫ్ మౌజర్, బెర్లిన్‌లోని డి.డబ్ల్యు.ఎం., జూల్ పట్నంలోని హేనెల్, సిమ్సన్ వగైరా.

ఇక నంబరు. ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. పది వేల దాకా లెక్క వేసి, దాటగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టి పక్కన చిన్న ఏ అక్షరం కొట్టేవారు. అదీ నిండితే బి. కొత్త సంవత్సరం రాగానే అంతా మొదటికి. ప్రతి కార్ఖానాదీ ఇదే పద్ధతి. అంటే 4371 నంబరు తుపాకులు ఎన్నో ఉంటాయి. సర్వే నంబరు 45 ప్రతి ఊళ్ళోనూ ఉన్నట్టే. ఊరు పేరు చెప్పకపోతే అది ఏ పొలం? కార్ఖానా, సంవత్సరం, అంకె, అక్షరం, నాలుగూ కలిస్తేనే తుపాకీ చిరునామా పూర్తవుతుంది.

ఆ నంబరు చివరి రెండు అంకెలను బోల్టు భాగాల మీద, మీట చుట్టూ ఉండే కమ్మీ మీద, పట్టీల మీద, మేకుల మీద కూడా కొట్టారు. ఎందుకు? అప్పట్లో ప్రతి భాగాన్ని దాని తుపాకీకే సరిగ్గా అమర్చేవారు. శుభ్రం చేసేటప్పుడు ఇద్దరు సిపాయిల సామాను కలిసిపోతే ఎవరి మేకు ఎవరిదో తెలియాలి. అచ్చం మన బిందెల సంగతే! వందేళ్ళు గడిచినా అన్ని అంకెలూ కలిసే తుపాకీ దొరికితే సేకర్త పండగ చేసుకుంటాడు. బోల్టు ఒక్కటి మారినా విలువ సగానికి సగం పడిపోతుంది.

అయితే అన్నిటికీ ఒకటే సూత్రం పనికిరాదు. 1916 ప్రాంతంలో యుద్ధం మింగేస్తుంటే కార్ఖానాలు చాలక, చిన్న చిన్న కంపెనీల చేత తలా ఒక భాగం చేయించి ఒకచోట బిగించారు. అలాంటి వాటి గూడు మీద నక్షత్రం గుర్తు ఉంటుంది. వాటిలో తనిఖీ ముద్రలు నాలుగు రకాలుగా ఉన్నా తప్పు కాదు. అది తెలియని కొనుగోలుదారు అసలు సరుకును కల్తీ అనుకుని వదిలేస్తాడు. కొయ్య కూడా కాలం చెబుతుంది. మొదట్లో అక్రోటు కొయ్య వాడారు. అది దొరకడం కష్టమయ్యాక 1917 నాటికి బీచ్ అనే చవక కొయ్యకు దిగారు. 1914 ముద్ర ఉన్న తుపాకీకి బీచ్ కొయ్య ఉంటే, మధ్యలో ఎవరో కొయ్య మార్చారన్నమాట.

తుపాకీ మడమకు వేసిన ఇనుప పట్టా మీద గానీ, కొయ్యలో పొదిగిన బిళ్ళ మీద గానీ కొన్నింటికి మరో వరస ఉంటుంది. 104, ఆర్, 6, 45 అని ఉందనుకోండి. 104వ రెజిమెంటు, ఆరో కంపెనీ, 45వ తుపాకీ. ఆ కంపెనీలో 45వ తుపాకీ మోసిన కుర్రవాడు ఎవరో మనకు తెలియదు. కానీ ఆ రెజిమెంటు ఏ నెలలో ఏ కందకంలో ఉందో చరిత్రకారులు రాసి పెట్టారు. ఒక్క బిళ్ళతో తుపాకీ ఏ రాష్ట్రంలోంచి ఏ యుద్ధభూమికి వెళ్ళిందో ఊహించవచ్చు. యుద్ధకాలంలో చేసిన చాలా వాటికి ఈ వరస కొట్టనే లేదు. అందుకే అది ఉన్నదానికి అంత గిరాకీ. గిరాకీ ఉన్నచోట దొంగముద్రలు కూడా ఉంటాయి.

తోమితే పోయింది

ఇత్తడి బిందెను చింతపండు వేసి తోమితే మెరుస్తుంది. ఇంటికి అందం. పాత తుపాకీని అలా తోమితే దాని ప్రాణం పోతుంది. గరుకు కాగితం పెట్టి రుద్ది, కొత్తగా నల్ల పూత పూయించి "చూడండి ఎంత బాగుందో" అనేవాళ్ళు సేకర్తల్లోనూ ఉన్నారు. తుప్పుతో పాటు తనిఖీదారుల చిన్న చిన్న ముద్రలు కూడా అరిగిపోతాయి. అవి ఒక్కొక్కటి ఆవగింజంత ఉంటాయి. శాసనం ఉన్న రాయికి సున్నం కొట్టేవాడికీ, ఇతనికీ తేడా ఏముంది? తెలిసినవాళ్ళు మెత్తని గుడ్డ, కొద్దిగా నూనె తప్ప మరేమీ తాకించరు.

ఇంకో రకం వాళ్ళు అంతకంటే గడుసు. అంకెలు కలవని తుపాకీ కొని, పాత అంకెను అరగదీసి కొత్తది కొట్టి, "అన్నీ కలిశాయి" అని ఎక్కువ ధరకు అమ్ముతారు. దీన్ని పట్టుకునే ఉపాయం పాత పట్టాను వెలుగుకు పెట్టి చూసే కరణానికి తెలిసిందే. ఉక్కును దీపానికి ఏటవాలుగా పట్టుకోవాలి. అరగదీసిన చోట పల్లం కనిపిస్తుంది. అంకెల అచ్చు కూడా ఆ కార్ఖానా వాడిన అచ్చుకు సరిపోదు.

కొయ్య మీద కనిపించే ప్రతి గాయమూ లోపం కాదు సుమా. రెండో యుద్ధంలో అమెరికా సిపాయిలు జ్ఞాపకంగా జర్మన్ రైఫిళ్ళు ఇంటికి తీసుకుపోయారు. సంచిలో పట్టక, పట్టీ కింద కొయ్యను అడ్డంగా రంపంతో కోసి రెండు ముక్కలు చేసి సర్దుకున్నారు. ఇంటికి వెళ్ళాక అతికించి పట్టీ బిగించేసరికి కోత కనిపించకుండా పోయింది. ఇప్పుడు పట్టీ జరిపి ఆ కోత చూసినవాళ్ళు, ఇది నిజంగా సిపాయి సంచిలో వచ్చిందే అని ఊరట పడతారు.

ప్రాణం మీదికి వచ్చే పొరపాటు

గుర్తుపట్టడంలో తప్పు జరిగితే డబ్బే పోదు. 1888 రైఫిల్ తూటా, తర్వాత వచ్చిన తూటా చూడటానికి కవల పిల్లలు. పాతదాని గుండు మందం సుమారు 8.08 మిల్లీమీటర్లు, 1905 ప్రాంతంలో వచ్చిన మొనదేలిన గుండు 8.20. తేడా ఎంత? గోరు మందం కూడా లేదు. కానీ పాత బారెల్‌లో కొత్త తూటా పేలిస్తే లోపల ఒత్తిడి పెరిగి, ఉక్కు చీలి, కాల్చేవాడి ముఖం మీదికే రావచ్చు. జర్మన్లు చాలా వాటిని సరిచేసి, సరిచేసినట్టు గూడు మీద ఎస్ అక్షరం కొట్టారు. అక్షరం ఉన్నా నిపుణులు నూరేళ్ళ పైబడ్డ తుపాకీతో కాల్చవద్దనే చెబుతారు.

ఈ 1888 రైఫిల్ మొదటి రోజుల్లోనే కొన్ని పగిలిపోయాయి. కారణం హడావుడి రూపకల్పన. అయితే ఆల్‌వార్ట్ అనే యూదు ద్వేషి 1892లో కరపత్రాలు వేశాడు. లోవె అనే యూదుల కంపెనీ జర్మన్ సిపాయిలను చంపడానికే కావాలని చెడ్డ తుపాకులు చేసిందని అందులో రాశాడు. కోర్టు ఆరోపణలు అబద్ధమని తేల్చి అతనికి జైలు శిక్ష వేసింది. అయినా ఆ పుకారు మాత్రం చావలేదు. తుపాకీ తప్పును జాతికి అంటగట్టే ఆ అలవాటు నలభై ఏళ్ళ తర్వాత ఏ రూపం దాల్చిందో ఇదే తుపాకుల మీది ముద్రల్లో కనిపిస్తుంది.

మూడు అక్షరాల వెనక

మొదటి యుద్ధంలో ఓడిన జర్మనీకి సైన్యం లక్ష మందికి మించరాదని 1919 సంధి షరతు పెట్టింది. ఆ లక్ష మందికి ఇచ్చిన పాత రైఫిళ్ళ మీద అసలు సంవత్సరం పక్కన 1920 అని రెండో ముద్ర కొట్టారు. రెండు తారీఖులున్నాయని కొత్తవాళ్ళు దొంగ సరుకనుకుంటారు. అది ప్రభుత్వ ఆస్తి అనే గుర్తు మాత్రమే. కొత్తవి చేసే అనుమతి ఒక్క సిమ్సన్ కంపెనీకి దక్కింది. జూల్ పట్నంలో 1856లో యూదు సోదరులు పెట్టిన కంపెనీ అది. నాజీలు అధికారానికి వచ్చాక 1935లో దాన్ని లాక్కున్నారు. మరుసటి ఏడాది ఆ కుటుంబం దేశం వదిలి పారిపోయింది. లాక్కున్న కంపెనీ గుస్ట్‌లోఫ్ అనే నాజీ నాయకుడి పేరు మీద నడిచింది.

అప్పటికే రహస్య తయారీ మొదలైంది. ఎవరు ఎన్ని చేస్తున్నారో బయటి దేశాలకు తెలియకుండా కార్ఖానా పేర్లు తీసేసి సంకేతాలు పెట్టారు. ఓబర్న్‌డోర్ఫ్ మౌజర్ మొదట ఎస్ గీత 42, తర్వాత వట్టి 42, 1941 నుంచి బి.వై.ఎఫ్. సంవత్సరం కూడా దాచి, 1934కు కె, 1935కు జి అని అక్షరాలు కొట్టారు. శత్రువును మోసగించడానికి పెట్టిన ఆ సంకేతాల పట్టికలు ఇవాళ సేకర్తల దగ్గర అచ్చు పుస్తకాలుగా దొరుకుతాయి!

ఆ పట్టికలో బి.సి.డి. అని ఒక వరస ఉంది. వైమార్ పట్నంలోని గుస్ట్‌లోఫ్ కార్ఖానా. ఆ పట్నానికి పక్కనే బూహెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం. శిబిరాన్ని ఆనుకునే రెండో కార్ఖానా కట్టి, 1943 నుంచి అక్కడ ఖైదీల చేత రైఫిల్ భాగాలు చేయించారు. పని ఆపితే దెబ్బలు, జబ్బు పడితే చావు. 1944 ఆగస్టు 24న అమెరికా విమానాలు ఆ కార్ఖానా మీద బాంబులు వేశాయి. నేలమట్టమైంది కార్ఖానా, చచ్చిపోయినవాళ్ళలో వందలాది మంది ఖైదీలు. బి.సి.డి. ముద్ర ఉన్న ప్రతి తుపాకీ ఖైదీలు చేసిందని అనలేం. కానీ దాని కింద 43, 44 అని సంవత్సరం కనిపిస్తే, చూసేవాడి చెయ్యి ఒక్క క్షణం ఆగాలి. కొందరు సేకర్తలు ఆగుతారు. కొందరు అదే ముద్రకు ఎక్కువ ధర చెబుతారు. ఇది నాకు మింగుడుపడని సంగతి.

చేతులు మారిన చరిత్ర

తుపాకీ చచ్చేదాకా ఒకే దేశానికి ఊడిగం చెయ్యదు. ఓడిన జర్మనీ నుంచి దొరికిన లక్షలాది రైఫిళ్ళను రష్యావాళ్ళు విప్పి కుప్పలు పోసి, నూనె పట్టించి, దొరికిన బోల్టు దొరికిన గూటికి బిగించి, అంకెను కరెంటు కలంతో గీకి గిడ్డంగిలో పెట్టారు. గూడు మీద గుణకారం గుర్తు, కొయ్యకు మెరిసే లక్క పూత ఉంటే రష్యా గిడ్డంగి సరుకని అర్థం. నార్వే తన సైన్యం పేరు కొట్టింది. తుర్కీ అరబిక్ లిపిలో అంకెలు కొట్టింది. ఇజ్రాయెల్ సంగతి మరీ విచిత్రం. 1948లో ఆ కొత్త దేశానికి ఆయుధాలు అమ్మేవాళ్ళు దొరకలేదు. చెకోస్లొవేకియా అమ్మింది. వాటిలో నాజీల గద్ద ముద్ర ఉన్న రైఫిళ్ళూ ఉన్నాయి. ఆ గద్ద పక్కనే దావీదు నక్షత్రం కొట్టి వాడుకున్నారు. ఒకే ఉక్కు మీద ఆ రెండు ముద్రలూ ఉన్న తుపాకులు ఇప్పటికీ కనిపిస్తాయి.

మనవాళ్ళకు ఈ తుపాకులతో పని పడలేదా అంటే, పడింది. 1914 నవంబరులో ఆఫ్రికాలోని టాంగా రేవు పట్టుకోవడానికి బ్రిటిష్‌వాళ్ళు మన దేశం నుంచి సుమారు 8 వేల మందిని ఓడల మీద పంపారు. అందులో మద్రాసు సైన్యపు 61వ పయొనీర్లు, 63వ పాళయంకోట పటాలం, పూర్వం హైదరాబాద్ కంటింజెంటుగా ఉన్న 98వ పటాలం ఉన్నాయి. ఎదురుగా ఉన్నది వెయ్యి మంది. వాళ్ళలో చాలా కంపెనీల చేతుల్లో ఉన్నది మనం మొదట చెప్పుకున్న 1871 నాటి ఒంటి తూటా రైఫిలే! కాల్చినప్పుడల్లా తెల్లటి పొగ మేఘం లేచి, కాల్చినవాడు ఎక్కడున్నాడో చెప్పేసేది. అయినా గెలిచింది వాళ్ళే. సముద్రపు అలసట తీరకుండానే కొబ్బరి తోటల్లోకి దిగిన మనవాళ్ళ మీద తేనెటీగలు కూడా విరుచుకుపడ్డాయి. బ్రిటిష్ సేనాపతి వదిలేసి పోయిన 16 మెషిన్ గన్లు, వందల కొద్దీ కొత్త రైఫిళ్ళు, లక్షల తూటాలు జర్మన్ల పాలయ్యాయి. అప్పుడు మారాయి వాళ్ళ పొగ తుపాకులు.

అదే ఏడాది ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్ళు, 46 వేల తూటాలు బెంగాలీ విప్లవకారులు దారి మళ్ళించారు. కంపెనీ చిట్టాలో ప్రతి పిస్తోలు నంబరూ ఉంది. తర్వాత ఎక్కడ ఏ పిస్తోలు పట్టుబడ్డా, పోలీసులు అంకె చూసి అది ఆ యాభైలోదో కాదో చెప్పగలిగారు. రెండో యుద్ధంలో సుభాష్ చంద్ర బోసు ప్రేరణతో జర్మనీలో ఏర్పడ్డ భారతీయ దళంలో సుమారు 3 వేల మంది చేరారు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ మన సిపాయిలే ఎక్కువ. వాళ్ళ భుజాన కూడా 1935 నాటి పొట్టి మౌజరే ఉండేది.

అటక మీద దొరికితే?

మన పల్లెల్లో పాత తుపాకీ దొరికిందని విన్నప్పుడు అది జర్మన్ సైనిక రైఫిల్ అయ్యే అవకాశం చాలా తక్కువ. నాటు తుపాకీ, ఇంగ్లీషువాళ్ళ కాలపు వేట తుపాకీ, లేదా త్రీ నాట్ త్రీ అయి ఉండవచ్చు. మౌజర్ పేరు కనిపించినా సైన్యానిది కాకపోవచ్చు. జిమ్ కార్బెట్‌కు చంపావత్ పులిని చంపినందుకు 1907లో బహూకరించిన రిగ్బీ రైఫిల్ బోల్టు, గూడు కూడా మౌజర్ పద్ధతివే. అది వేటకు చేసింది. దాని మీద రెజిమెంటు అంకెలు వెతకడం దండగ. వెండి రేకు మీద ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో రాసి ఉంది.

ఇక చట్టం సంగతి. పాతది కాబట్టి ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. అమెరికాలో 1898 లోపు తయారైన తుపాకీని పురావస్తువుగా లెక్కిస్తారు. 1888 రైఫిళ్ళు దాదాపు అన్నీ ఆ గీతకు ఇవతల, 1898 రైఫిళ్ళు అవతల పడతాయి. గూడు మీది సంవత్సరానికి అక్కడ అంత విలువ. మన 1959 ఆయుధాల చట్టం అలా తారీఖు చూడదు. పాత నమూనా అయినా, పురావస్తువైనా, పాడైపోయినదైనా, బాగుచేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికిరానిదైతేనే 45వ సెక్షను దాన్ని చట్టం నుంచి మినహాయిస్తుంది. మరమ్మతు చేస్తే పేలుతుందనుకుంటే లైసెన్సు ఉండాల్సిందే. పేలుతుందో లేదో తేల్చాల్సింది మీరూ నేనూ కాదు. 2019 సవరణ తర్వాత లైసెన్సున్న మనిషికి కూడా రెండు తుపాకులకు మించి వీల్లేదు. తాత పేరిట లైసెన్సు ఉంది గదా అని మనవడు ఉంచుకోవడం కూడా కుదరదు. వారసుడు తన పేరిట తీసుకోవాలి, లేదా స్టేషనులో గానీ లైసెన్సున్న దుకాణంలో గానీ అప్పగించాలి.

పాత ఇల్లు పడగొడుతుంటే గోడలోనో, అటక మీదో అలాంటిది దొరికితే బోల్టు లాగి చూడకండి. లోపల తూటా ఉండవచ్చు. తుప్పు పట్టిన తూటా మంచిదాని కంటే ప్రమాదం. గొట్టం ఎవరి వైపూ లేకుండా చూసి, పిల్లలను దూరంగా పంపి, స్టేషనుకు కబురు పెట్టండి. చేత్తో పట్టుకుని బస్సెక్కి వెళ్ళవద్దు. తుప్పు గీకవద్దు, కిరసనాయిలు పొయ్యవద్దు. వచ్చిన పోలీసులు పంచనామా రాసేటప్పుడు గూడు మీది పేరు, సంవత్సరం, అంకె, పక్కన అక్షరం ఉంటే అదీ, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద ఎక్కించమని అడగండి.